చూడకుండా రాసిన 18

పేరు, ఊరు, కాలేజీ ఏవీ బయటపెట్టొద్దంటూ ఒక వైద్య విద్యార్థిని రాసిన పొడవాటి ఉత్తరమిది. మొదటి రెండేళ్లూ క్లాసులో ఈ అమ్మాయిది ముందు వరుస. అనాటమీ, ఫిజియాలజీ, ఫార్మకాలజీ, ఏ పరీక్ష పెట్టినా మంచి మార్కులే. మూడో ఏడు వార్డులో కాలు పెట్టాక అంతా తలకిందులైందంటోంది. రౌండ్స్‌లో ప్రొఫెసర్ ప్రశ్న వేయగానే నోరు పెగలదు. రాత్రి చదివి, పొద్దున మళ్లీ ఒకసారి తిరగేసిన విషయం కూడా ఆ క్షణాన గుర్తుకు రాదు. ఒకరోజు రోగి ముందే, ఆయన ఇంటివాళ్ల ముందే, "ఇంత తెలియనిదానివి ఇక్కడిదాకా ఎలా వచ్చావు?" అన్నారట. అప్పటినుంచి తోటివాళ్ల భుజాల చాటున నిలబడుతోంది.

ఆమెకు నిద్ర లేకుండా చేస్తున్నది మాత్రం వేరే విషయం. ఉత్తరంలోని మాటలే కొద్దిగా కుదించి ఇస్తున్నాను:

"చీఫ్ (యూనిట్ పెద్ద డాక్టర్) వచ్చేలోపు రోగులందరి కేస్ షీట్లలో నాడి, బీపీ, శ్వాస రేటు నింపడం మా విద్యార్థుల పని. టైము చాలనప్పుడు మా రెసిడెంట్ (పీజీ చేస్తున్న డాక్టర్) 'శ్వాస అందరికీ 18 వేసెయ్, ఛాతీ క్లియర్ అని రాసెయ్' అంటారు. అందరూ అలాగే రాస్తారు. నేనూ రాశాను. ఒక పెద్దాయనకి వరసగా రెండు రోజులు 18 వేశాను. మూడో రోజు ఆయన మాట్లాడుతూ మాట మధ్యలో ఆగుతున్నట్టు అనిపించింది. వాచీ చూస్తూ లెక్కపెడితే నిమిషానికి 28. నర్సుకి చెప్పాను. డ్యూటీ డాక్టర్ వచ్చి చూసి న్యుమోనియా అన్నారు, ఆక్సిజన్ పెట్టారు, మందులు మార్చారు. ఇప్పుడు కోలుకుంటున్నారు. మర్నాడు రౌండ్స్‌లో చీఫ్ నన్ను మెచ్చుకున్నారు. ముందు రెండు రోజుల 18లు కూడా నా చేతిరాతే అని ఆయనకి తెలియదు. రెసిడెంట్‌కి చెబితే 'అయిపోయిందిగా, కదపకు' అన్నారు. నా ఇంటర్నల్ మార్కుల్లో ఆయన మాటకి విలువ ఉంది."

చివర్లో ఇంకో మాట రాసింది. తను రౌండ్స్‌లో ప్రెజెంట్ చేయాల్సిన, అంటే కేసు వివరించాల్సిన రోగి రాత్రి చనిపోయాడని తెలిసినప్పుడు ముందు కలిగింది బాధ కాదట, "అమ్మయ్య, ఈరోజు ప్రెజెంటేషన్ తప్పింది" అన్న ఊరట. "నేను రాయినైపోతున్నానా? ఈ చదువుకి పనికిరానా? మానేయాలా? ఇంట్లో ఎవరికీ చెప్పలేను. ఆ పెద్దాయన దగ్గరికెళ్లి క్షమాపణ అడగాలా?" అని ఆమె ప్రశ్నలు.

అమ్మా, రౌండ్స్‌లో నోరు పెగలకపోవడం, చూడకుండా రాసిన 18, రోగి చనిపోతే కలిగిన ఊరట, ఈ మూడింటినీ కలిపి మీరు ఒకే తీర్పు రాసేసుకున్నారు, పనికిరానని. వీటి మూలాలు వేరువేరు, మందులూ వేరువేరు. విడదీసి చూద్దాం. ముందు 18 సంగతి, ఎందుకంటే మిగతా రెంటికన్నా బరువైనది అదే.

వార్డులో తీసే కొలతలన్నింటిలో ఎక్కువగా ఎగ్గొట్టేది శ్వాస రేటునే. బీపీకి, ఉష్ణోగ్రతకు పరికరం ఉంది. శ్వాసకు చాలా వార్డుల్లో ఒక మనిషి నిలబడి నిమిషంపాటు ఛాతీని చూడటం తప్ప దారి లేదు. కానీ రోగి దిగజారేటప్పుడు తరచుగా ముందు మారేది ఇదే. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో ప్రవేశపెట్టిన హెచ్చరిక స్కోరులో శ్వాస 12 నుంచి 20 మధ్య ఉంటే సున్నా. 25 గానీ అంతకు మించి గానీ ఉంటే ఆ ఒక్క కొలతకే 3 పాయింట్లు. ఏ ఒక్క కొలతకైనా ఇచ్చే గరిష్ఠం అదే, అది వస్తే వెంటనే డాక్టర్ వచ్చి చూడాలి. మీరు లెక్కపెట్టిన 28కి అంత విలువ ఉంది. రాసిన 18కీ విలువ ఉంది, తిరగబడిన విలువ. షీట్‌లో గడి ఖాళీగా ఉంటే తర్వాత వచ్చినవాళ్లు "ఇది చూడలేదే" అని తామైనా చూస్తారు. 18 అని ఉంటే "చూశారు, బాగానే ఉంది" అనుకుని ముందుకు వెళ్లిపోతారు. ఆ రెండు రోజుల్లో ఆయన శ్వాస నిజంగానే 18 ఉండొచ్చు, 24 ఉండొచ్చు. ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. నష్టం అక్కడే జరిగింది.

కాబట్టి "అందరూ చేస్తారుగా, నువ్వేం చేస్తావు పాపం" అని మిమ్మల్ని ఓదార్చలేను. ఆ రాత ఒక తప్పు. అయితే అందులో మీ వాటా ఎంతో కూడా సరిగ్గా చూడాలి. రాయమన్నది మీపై అధికారి. ఏళ్ల తరబడి అది మామూలేనన్నట్టు నడిపినది ఆ యూనిట్. ఎవరూ వెంట నిలబడి నేర్పకుండా విద్యార్థుల చేత షీట్లు నింపించడం ఒక లోపభూయిష్టమైన ఏర్పాటు. ఇవన్నీ పోగా మిగిలింది మీ వాటా. అది చిన్నదే, కానీ మీదే. మూడో రోజు మిమ్మల్ని లెక్కపెట్టమని ఎవరూ చెప్పలేదు. అయినా పెట్టారు, నర్సు దగ్గరికి వెళ్లారు. అదీ మీదే.

1990లో అమెరికన్ వైద్య విద్యావేత్త జార్జ్ మిల్లర్ వైద్యుడి సామర్థ్యాన్ని నాలుగు మెట్లుగా వివరించాడు. విషయం తెలియడం మొదటిది. దాన్ని ఎలా వాడాలో తెలియడం రెండోది. ఎవరైనా చూస్తుండగా చేసి చూపగలగడం మూడోది. ఎవరూ చూడనప్పుడు కూడా రోజువారీ పనిలో నిజంగా చేయడం నాలుగోది. మీరు రాసిన రాత పరీక్షలు మొదటి రెండు మెట్లను కొలిచాయి. రౌండ్స్‌లో మీరు తడబడుతున్నది మూడో మెట్టు మీద. శ్వాస లెక్కపెట్టడం రానివారు మీ యూనిట్‌లో ఒక్కరూ ఉండరు, అయినా 18 వేశారు. అది నాలుగో మెట్టు. ఇప్పుడు మీ అనుభవాన్ని దీని పక్కన పెట్టి చూడండి. మూడో మెట్టు మీద తడబడినందుకు నలుగురి ముందూ మిమ్మల్ని నిలదీశారు. నాలుగో మెట్టు మీద దారి తప్పించినందుకు ఎవర్నీ ఎవరూ ఏమీ అనలేదు. పాఠ్యప్రణాళికలో లేకపోయినా విద్యార్థులు చుట్టూ ఉన్నవాళ్లను చూసి నేర్చుకునే ఇలాంటి పాఠాల గురించి ఫ్రెడరిక్ హాఫర్టీ వంటి సామాజికవేత్తలు 1990ల నుంచి రాస్తూ వస్తున్నారు. ప్రశ్నకు జవాబు తెలియకపోతే సిగ్గు, చూడకుండా రాస్తే సిగ్గు లేదు అని మీకు అక్కడ నేర్పుతున్నారు. మీ నిద్ర చెడింది ఈ రెండో పాఠం మీకు ఇంకా ఒంటబట్టనందుకే. అది ఒంటబట్టకపోవడం నాకు చాలా సంతోషంగా ఉంది.

ఇప్పుడేం చేయొచ్చు? ఒక దారి, పాత సంగతి కదపకుండా ఇకనుంచి చూసిందే రాయడం. దీనివల్ల మీకు రెసిడెంట్‌తో గొడవ ఉండదు. పెద్దాయన కోలుకుంటున్నారు కాబట్టి చికిత్సలో పెద్ద తేడా కూడా రాకపోవచ్చు. కానీ షీట్‌లో అబద్ధం అలాగే ఉండిపోతుంది. జబ్బు ఎప్పుడు మొదలైందని రేపు ఎవరైనా వెనక్కి తిరగేస్తే అది వాళ్లను తప్పుదారి పట్టిస్తుంది. చీఫ్ మెచ్చుకోలు గుర్తొచ్చినప్పుడల్లా మీకు గుచ్చుకుంటుంది. మీ తర్వాతి బ్యాచ్‌కీ అదే మాట అందుతుంది, "18 వేసెయ్."

రెండో దారి, రెసిడెంట్‌తోనే మళ్లీ మాట్లాడటం, ఈసారి మీ రాత గురించి మాత్రమే. "ఆ రెండు రోజుల శ్వాస రేట్లు నేను లెక్కపెట్టకుండా వేశాను. ఈరోజు తేదీతో ఒక వివరణ రాయాలనుకుంటున్నాను, మీరు చూసి సంతకం పెడతారా?" అని అడగండి. "మీరు రాయమన్నారు" అన్న మాటతో మొదలుపెట్టకండి. అది నిజమే అయినా ఆ మాట వినగానే ఎవరైనా తమను తాము కాపాడుకునే పనిలో పడతారు. ఆయన కూడా నిద్ర లేకుండా, మోయలేనంత మంది రోగులతో ఇలాగే నేర్చుకుని ఉండొచ్చు. ఒంటరిగా అడిగితే ఒప్పుకునేవాళ్లు నేను చూసినవాళ్లలో చాలామంది ఉన్నారు. ఒప్పుకోకపోతే ఆయనకు మీ మీద కోపం వస్తుంది, మార్కుల మీద దాని నీడ పడే ప్రమాదం ఉంది. అది లేదని మీకు చెప్పలేను.

ఆ ప్రమాదం తగ్గించుకోవాలంటే మూడో దారిని దీనికి జోడించాలి. మీ యూనిట్‌తో సంబంధం లేని ఒక ఉపాధ్యాయురాలికో, మీకు మెంటర్‌గా ఉన్నవారికో ముందే విషయం చెప్పి ఉంచడం. ఫిర్యాదుగా కాకుండా సలహా కోసం వెళ్లండి. రేపు మార్కుల్లో తేడా వస్తే, మీరు ముందే చెప్పుకున్నారని తెలిసిన మనిషి ఒకరుంటారు. రెసిడెంట్ కాదంటే చీఫ్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆవిడ సాయంగా నిలవొచ్చు. చీఫ్ "ఎవరు రాయమన్నారు?" అని అడిగితే ఒక్క వాక్యంలో నిజం చెప్పండి, దానికి రంగులు అద్దకండి.

నాలుగోది, రాతపూర్వక ఫిర్యాదు. ఇప్పుడే అంత అవసరం కనిపించడం లేదు. చెప్పాక కూడా అదే పద్ధతి కొనసాగితే, మరో రోగికి హాని జరిగేలా ఉంటే, మీ మీద ఒత్తిడో బెదిరింపో మొదలైతే అప్పుడు తప్పదు. ఒక్కరుగా కాకుండా నలుగురు విద్యార్థులు కలిసి ఇస్తే అందులో బలం ఉంటుంది.

నేనైతే రెండో దారినీ మూడో దారినీ కలిపి నడిచేదాన్ని. మీ చీఫ్ ఎలాంటివారో, ఆ రెసిడెంట్ ఎంతవరకు వెళ్లగలరో మీకే తెలుసు కాబట్టి ఎంపిక మీది. ఏ దారి పట్టినా రెండు పనులు మాత్రం చేయొద్దు. పాత అంకె మీద దిద్దడం, కొట్టేసి కొత్తది వేయడం, కాగితం మార్చడం ఇవేవీ వద్దు. వైద్య రికార్డులో దిద్దుబాటు అంటే పాతదాన్ని ఉన్నదున్నట్టు ఉంచి, ఈరోజు తేదీ, సమయం, సంతకంతో కొత్త ఎంట్రీ రాయడం. విద్యార్థి కాబట్టి బాధ్యుడైన డాక్టర్ సంతకం కూడా ఉండాలి. అలాగే సాక్ష్యం కోసమని కేస్ షీట్‌కి ఫోన్‌లో ఫోటో తీసుకోకండి. అది రోగి గోప్యతను దెబ్బతీయడమే. జరిగింది, తేదీలు, ఎవరితో ఏం మాట్లాడారన్నది రోగి పేరు లేకుండా మీ సొంత డైరీలో రాసుకుంటే చాలు.

రేపు పొద్దున మళ్లీ "18 వేసెయ్" అంటే? వాదన అక్కర్లేదు. "అందరివీ అవ్వవు, ముందు ఎవరివి చూడమంటారు?" అని అడగండి. బాధ్యత ఆయన వైపు వెళ్తుంది, జబ్బు ఎక్కువున్నవాళ్లయినా నిజంగా చూసినట్టవుతుంది. మిగిలినవాళ్ల గడిలో "చూడలేదు" అని రాయండి. లెక్కపెట్టేటప్పుడు రోగికి చెప్పకండి, తెలిస్తే ఊపిరి తీరు మారిపోతుంది. నాడి చూశాక మణికట్టు వదలకుండా అలాగే పట్టుకుని, చూపు ఛాతీ మీదికి మరల్చి, నిండు నిమిషం లెక్కపెట్టండి.

ఇక రౌండ్స్. భయంలో ఉన్నప్పుడు తెలిసింది బయటికి రాకపోవడం మెదడు తీరు. దాన్ని తెలివితక్కువతనం అనుకోవద్దు. మీరు చదివే పద్ధతిలో కూడా ఒక చిక్కుంది. రాత్రి చదివి పొద్దున మళ్లీ తిరగేస్తే అంతా వచ్చినట్టే ఉంటుంది. రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో చేసిన ప్రయోగాల్లో, ఒకే పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లకు ఐదు నిమిషాల తర్వాత బాగా గుర్తుంది. వారం తర్వాత చూస్తే, చదివి పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లదే పైచేయి అయింది. రౌండ్స్‌లో మిమ్మల్ని అడిగేది గుర్తు తెచ్చుకోమనే. కాబట్టి సాధన కూడా అదే కావాలి. స్నేహితురాలిని ఎదురుగా కూర్చోబెట్టి, మీరు నిలబడి, కాగితం చూడకుండా, పైకి వినబడేలా కేసు చెప్పండి. మొదటి వాక్యం మాత్రం ముందే కుదుర్చుకుని పెట్టుకోండి: వయసు, వచ్చిన కారణం, ఎన్ని రోజులుగా, ఇప్పుడు అన్నింటికన్నా భయపెడుతున్నది ఏమిటి. మొదటి వాక్యం తడబడకుండా వస్తే తర్వాతవి చాలావరకు దాని వెంటే వస్తాయి. జవాబు తెలియనప్పుడు మౌనంగా ఉండకుండా "ఇంతవరకు తెలుసు, ఇక్కడినుంచి తెలియదు, ఈ పరీక్ష ఫలితం చూస్తే తేలుతుందనుకుంటున్నాను" అనండి. మంచి గురువుకి అక్కడ పాఠం చెప్పే చోటు దొరుకుతుంది.

ప్రొఫెసర్ అన్న మాట మాత్రం తప్పు, అందులో నాకు సందేహం లేదు. ప్రశ్నతో విద్యార్థి ఆలోచనను బయటికి లాగడం బోధన. రోగి ఎదుట "ఎలా వచ్చావు?" అనడం అవమానం. దానివల్ల రోగికి కూడా మీ మీద నమ్మకం పోతుంది. విద్యార్థుల్ని క్లాసు గదిలోంచి రోగి మంచం దగ్గరికి తీసుకెళ్లిన విలియం ఆస్లర్, తాను వార్డుల్లో వైద్య విద్యార్థులకు పాఠం చెప్పానన్న ఒక్క మాట తన సమాధి మీద ఉంటే చాలన్నాడు. ఆ చోటును అంత గౌరవంగా చూసినవారు ఈ వృత్తిలో ఎందరో ఉన్నారు, మీ ప్రొఫెసర్ ఒక్కరినీ కొలమానంగా పెట్టుకోకండి. కావాలంటే ఆయన్ని విడిగా కలిసి "నా ప్రెజెంటేషన్‌లో ఒక్కటి మార్చుకోవాలంటే ఏది?" అని అడిగి చూడండి. కొందరు మెత్తబడతారు. మెత్తబడకపోతే మంచం దగ్గర పాఠం ఓపిగ్గా చెప్పే మరో డాక్టర్ని వెతుక్కుని, "నేను ఛాతీ పరీక్ష చేస్తాను, పది నిమిషాలు పక్కన నిలబడి చూడండి" అని అడగండి. మూడో మెట్టు ఎక్కాలంటే ఒకరు చూడటం, తప్పు అక్కడికక్కడే దిద్దడం తప్పనిసరి. మీకింతవరకు అదే దొరకలేదు. వెనక నిలబడటం మాత్రం మానండి. అవమానం తప్పుతుందేమో గానీ అక్కడినుంచి గుండె చప్పుడు వినబడదు, పొట్ట తడిమే చేయి కనబడదు.

రాయినైపోతున్నానా అన్నారు. అమెరికాలోని ఒక మెడికల్ కాలేజీలో మొహమ్మద్‌రెజా హోజత్ బృందం విద్యార్థుల్ని ఏళ్ల తరబడి గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, సహానుభూతి స్కోర్లు బాగా పడిపోయింది మూడో ఏడాదిలోనే, అంటే సరిగ్గా వార్డుల్లోకి వచ్చినప్పుడు. తర్వాత వచ్చిన అధ్యయనాలన్నీ అంతే స్థాయిలో చూపలేదు. కానీ ఆ వయసులో, ఆ మెట్టు దగ్గర ఇలా అనిపించేది మీ ఒక్కరికే కాదు. చావు వార్త విని ముందు మీ మీదున్న బరువు దిగినట్టనిపించింది. బెదిరిపోయి ఉన్న మనసు ముందు తన ప్రాణం చూసుకుంటుంది. ఆ చనిపోయినాయన గురించి మీ యూనిట్‌లో ఎవరైనా ఐదు నిమిషాలు మాట్లాడారా? మాట్లాడి ఉండరు, మంచం ఖాళీ చేసి ముందుకు సాగి ఉంటారు. మైకేల్ బాలింట్ అనే వైద్యుడు 1950లలో లండన్‌లో డాక్టర్లను చిన్న బృందంగా కూర్చోబెట్టి, రోగుల వల్ల తమకేమనిపించిందో మాట్లాడించడం మొదలుపెట్టాడు. అలాంటి బృందాలు ఇప్పటికీ చాలా దేశాల్లో నడుస్తున్నాయి. మీ దగ్గర లేకపోతే ఇద్దరు ముగ్గురు స్నేహితులు వారానికోసారి కూర్చున్నా సరే, రోగుల వివరాలు బయటికి పోకుండా. ఉత్తరంలో ఆ ఊరట గురించి రాయగలిగారు కదా, అదే మాట వాళ్ల దగ్గర అని చూడండి. "నాకూ అలాగే అనిపించింది" అనేవాళ్లు తప్పక ఉంటారు.

మానేయడం గురించి ఇప్పుడు నిర్ణయించకండి. నిద్రలేని మనిషి తీసుకున్న నిర్ణయానికి మీరే రేపు విలువ ఇవ్వరు. ఈ పోస్టింగ్ అయ్యాక, మరో యూనిట్‌లో, మరో గురువు దగ్గర కొంతకాలం పనిచేశాక కూడా రోగి దగ్గరికి వెళ్లాలనిపించకపోతే పాథాలజీ, రేడియాలజీ, ప్రజారోగ్యం, పరిశోధన అన్నీ మంచి దారులే. వార్డుకి భయపడి పారిపోయినట్టుగా కాకుండా ఇష్టపడి వెళ్లండి. అక్కడ కూడా చూసిందే రాయాలి, ఆ విషయంలో ఏ విభాగంలోనూ వెసులుబాటు లేదు. అయితే నిద్ర, తిండి ఇలాగే రెండు వారాలు దాటితే, దేని మీదా ఆసక్తి లేకపోతే, చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, వెంటనే డాక్టర్‌కి చూపించుకోండి. మీకు మార్కులు వేసేవారు కాకుండా వేరేవారికి. ప్రపంచ వైద్య సంఘం 1948లో రూపొందించిన జెనీవా ప్రతిజ్ఞలో, వైద్యుడు తన ఆరోగ్యాన్ని కూడా చూసుకుంటానన్న మాట 2017లో గానీ చేరలేదు. మీరు అంత ఆలస్యం చేయకండి. ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి, "వార్డులో కష్టంగా ఉంది" అన్నంత మటుకైనా.

పెద్దాయన దగ్గరికి క్షమాపణకు ఒంటరిగా వెళ్లొద్దు. జరిగిన పొరపాటును రోగికి చెప్పడం అవసరమే, కానీ ఆ పని చికిత్సకు బాధ్యులైన డాక్టర్ చేయాలి, మీరు పక్కన ఉండొచ్చు. లేకపోతే ఆయనకు సగమే అర్థమై, ఇప్పుడు జరుగుతున్న వైద్యం మీద కూడా అనుమానం మొదలవుతుంది. చీఫ్‌తో మాట్లాడే రోజున ఈ విషయం కూడా అడగండి: "ఆయనకి మీరు చెప్పేటప్పుడు నేనూ రావచ్చా?" అని. ఈలోపు రోజూ పొద్దున వెళ్లి ఆయన శ్వాస మీరే లెక్కపెట్టండి, ఎంతుంటే అంత రాయండి.